దక్షిణం గుమ్మం కుందేళ్లు

పెద్దత్త పోయిందన్న కబురు నాన్న ఫోన్లో చెప్పాడు. ఒంటిపూట బడులు మొదలైన కొత్త. ఎస్.రాయవరంలో నేను పనిచేసే బళ్లో ఐదో తరగతి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. "అప్ప పోయిందే" అన్నాడు. పెట్టేశాడేమో అనుకున్నాను. అప్పుడు మళ్లీ గొంతు వినబడింది. "బేగి రా. కుందేళ్లకి పొద్దున్నించీ ఎవులూ ఆకెయ్యనేదు."

పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచం ఎక్కిందట. మళ్లీ లేవలేదు. డెబ్బై దాటిన మనిషి. ఒక్క పూట కూడా ఎవరి చేతా చాకిరీ చేయించుకోకుండా వెళ్లిపోయింది. నర్సీపట్నం బస్సులో వస్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి, ఆ బోర్లించిన గ్లాసు చూశాక వచ్చింది. కానీ ఎంతోసేపు నిలవలేదు, కోపంగా మారిపోయింది. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో ఒకాయన మా పెరడు వైపు గడ్డం చూపించి, "దక్షిణం గుమ్మం ఎట్టింది. ఊరికే పోద్దేటి?" అన్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు.

అన్నాయన పేరు రాయను. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ నేనీ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది ఆ మాటకి జవాబు చెప్పడానికే. దక్షిణం గుమ్మం మా ఇంటికి కాదు, మా పెరట్లో కుందేళ్ల ఇంటికి. ఆ గుమ్మం పెట్టాక పెద్దత్త పదేళ్ల పైచిలుకు నిక్షేపంగా బతికింది. కుందేళ్లు పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు పిల్లల్ని పెట్టి, నర్సీపట్నం చుట్టుపక్కల ఎన్నో పెరళ్లలో ఇప్పటికీ గంతులేస్తున్నాయి. చావు దిక్కంటే ఇలాగే ఉంటుందా అని అడుగుతున్నాను. ఎవరైనా జవాబు చెప్పండి.

పెద్దత్త మా నాన్నకి అక్క. మా వైపు అక్కని అప్ప అంటారు. పెళ్లి చేసుకోలేదు. మిషన్ వారి ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసింది. కొండ మీది ఊళ్ల నుంచి, ఇటు పల్లం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలతో ఆవిడ వయసంతా గడిచిపోయింది. ఊళ్లో అందరికీ ఆవిడ వార్డెనమ్మగారే. రిటైరయ్యాక కూడా తాళాల గుత్తి నడుముకి దోపుకునే తిరిగేది. ఆ తాళాలు ఏ తలుపువీ కావు. "అది నేకపోతే నడుం తేలిగ్గా ఉండి తూలిపోతన్నాను" అనేది.

ఏ ఇంటికి వెళ్లినా ముందు గోడ మీద అరచెయ్యి పెట్టి చూసేది, చెమ్మ ఉందేమోనని. తర్వాత వాసన పీల్చేది. పిలిచినవాళ్లకి ఇబ్బందిగా ఉంటుందని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఉండే చోటు గురించి ఆవిడకి ఉన్నంత పట్టింపు తిండి గురించి గానీ బట్ట గురించి గానీ ఉండేది కాదు. "పడుకోడానికి సోటుంటే సాలదు, లేచి నిలబడ్డానికి ఉండాల" అనేది. హాస్టల్లో చోటు చాలక ఓసారి చిన్నపిల్లల్ని రేకుల గోడౌనులోకి మార్చాలని కమిటీ పెద్దలు అనుకున్నారట. పెద్దత్త కాదనలేదు. మే నెలలో తన మంచం ఆ గోడౌనులో వేయించుకుంది. కమిటీ మీటింగు కూడా మిట్టమధ్యాహ్నం అక్కడే పెట్టించి, పెద్దలందరికీ వేడివేడి టీ ఇప్పించింది. టీ సగంలో ఉండగానే వరండాకి గోడ కట్టి కొత్త గది చెయ్యడానికి ఒప్పుకున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా చివర్లో ఒకటే మాట అనేది: "ఎవుల్ని ఎక్కడుంచాలన్నా, ఓపాలి నువ్వు కూకుని సూడు." ఓపాలి అంటే ఒక్కసారి. ఆ మాట నేను మళ్లీ చెప్తాను, గుర్తుపెట్టుకోండి.

తొంభైల్లో రిటైరై మా పెరటి వైపు గదిలోకి వచ్చింది. వచ్చిన ఏడే కోత పండుగలో కుందేళ్లు దొరికాయి. కోత పండుగంటే మా చర్చీల్లో పంట కానుకలు తెచ్చే ఆదివారం. గుమ్మడికాయలు, అరటిగెలలు, చెరకు గడలు, కాళ్లు కట్టిన కోళ్లు, అన్నీ బలిపీఠం ముందు పెట్టి, ఆరాధనయ్యాక బయట వేలం వేస్తారు. ఆ రోజుల్లో కుందేళ్లు పెంచితే లాభాలే లాభాలని ఎవరో చెప్తే నమ్మి చాలామంది తెచ్చి పెంచారు. లాభం కనబడక విసిగిపోయిన ఓ రైతు ఒక జంటని గంపలో పెట్టి, పైన వల కట్టి కానుకగా తెచ్చాడు. వేలంలో ఇద్దరు కుర్రాళ్లు మసాలా సంగతి మాట్లాడుకుంటూ పాట పెంచుతున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి పెద్దత్త లేచి పాడింది. జన్మలో కీర్తనలు తప్ప ఇంకోటి పాడని మనిషి, కుర్రాళ్లు నోరు మూసుకునేదాకా పాడింది.

వేలం వేస్తున్న పాస్టరుగారు నవ్వుతూ అడిగారు. "వార్డెనమ్మగారూ, కూరకా అండీ?"

"కాదండి. కాపురానికి."

నాన్న తల దించుకున్నాడు. ఇంటికొచ్చాక గంప చుట్టూ ఓసారి తిరిగి, "కొన్నావు సరే. ఎక్కడెడతావు అప్పా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు తెలుసుకోడానికి పెద్దత్తకి రెండేళ్లు పట్టింది. కొన్ని ప్రాణాలు కూడా పోయాయి. అది దాచను, ఆవిడా ఎప్పుడూ దాచలేదు.

మొదట ఖాళీగా ఉన్న కోళ్ల గూట్లో పెట్టింది. మనందరి పెరళ్లలోనూ ఉండేదే, ఇటుకలూ మట్టీ వేసి కట్టి, పైన బండ పరిచి, ముందు చిన్న చెక్క తలుపు. కోడి ఆ చీకట్లో హాయిగా ముడుచుకుంటుంది, కుందేలు ముడుచుకోలేదు. దానికి గాలి కావాలి. దాని పాదాల కింద తడి ఉండకూడదు. కొద్దిరోజుల్లో వాటి అరికాళ్ల బొచ్చు ఊడి పుళ్లు పడ్డాయి. పెద్దత్త గూట్లో చెయ్యి పెట్టి, తీసి, ఆ చెయ్యి వాసన చూసుకుని, "నా బుద్ధి మండ" అంది. పోనీ పగలు గంప కింద పెడదామంటే నేల తవ్వుకుని పోయి పక్కింటావిడ తోటకూర మడిలో తేలేవి. ఆవిడ వాటిని చెవులు పట్టుకుని తెచ్చేది. "సెవులు కాదమ్మా, కింద సెయ్యేసి పట్టుకోవాల" అని పెద్దత్త ఆవిడకి పాఠం చెప్పేది. తోటకూర పోయినందుకు ఒక్క మాటైనా అనేది కాదు.

ఆ క్రిస్మస్‌కి చర్చి కుర్రాళ్లు పశువుల పాక కట్టి, గడ్డి పరిచి, నిజం జంతువులుంటే బాగుంటుందని కుందేళ్లని అడిగారు. పెద్దత్త మురిసిపోయి ఇచ్చింది. నాటకం రిహార్సలు మధ్యలో కుందేలు సీరియల్ బల్బుల వైరు కొరికేసింది. పందిరంతా చీకటి. తెల్ల గౌన్లలో దేవదూతలు కెవ్వుమన్నారు. కుందేలు దేవుడి దయవల్ల బతికింది. "బెత్లెహేములో కుందేళ్లున్నాయని ఎవులు సెప్పేరు నీకు?" అని నాన్న అరిచాడు. పెద్దత్త కుందేలు నోరు తెరిచి పళ్లు చూస్తూ, "నేవని మాత్రం ఎక్కడ రాసుంది?" అంది.

అప్పుడిక సరైన ఇల్లు కట్టించాలనుకుంది. వడ్రంగి మేస్త్రి వచ్చాడు. కాళ్ల మీద ఎత్తుగా నిలబెట్టడం, ముందు జాలీ, పైన రేకు, అన్నీ బాగానే మాట్లాడుకున్నారు. "మొహం ఎటమ్మగారూ?" అన్నాడు మేస్త్రి. పెద్దత్త నోరు తెరిచేలోపు నాన్న "తూర్పు" అన్నాడు.

ఇక్కడ మావాళ్ల గురించి ఒకటి చెప్పాలి. మేం క్రైస్తవులం. వాస్తు మాకు లేదు. ఎవరడిగినా నాన్న గట్టిగా అదే చెప్పేవాడు. కానీ మా ఇల్లు కట్టేటప్పుడు ఓ సిద్ధాంతిగారు సాయంత్రం పూట ఊరికే టీకి వచ్చినట్టు వచ్చి, ఊరికే కొలతలు చూసి వెళ్లారు. మా వీధి గుమ్మం తూర్పు. వంటిల్లు ఆగ్నేయం. అడిగితే నాన్న "ఎందుకైనా మంచిది" అనేవాడు. మా వీధిలో చర్చికెళ్లే ప్రతి ఇంటి పునాదిలోనూ ఈ "ఎందుకైనా మంచిది" ఉంది. ఆ రోజు పెద్దత్త కూడా ఎదురు చెప్పలేదు. తూర్పు ముఖంగా, వీధిలోంచి వచ్చేవాళ్లకి ఎదురుగా కనబడేలా, ఆకుపచ్చ రంగేసిన ఇల్లు వెలిసింది. అందరూ మెచ్చుకున్నారు.

అక్టోబరు నెలాఖరున వాయుగుండం పట్టింది. మాకు వాయుగుండం వానంటే సముద్రం వైపు నుంచే, తూర్పు గాలితోనే. వాన నిలువుగా కాదు, అడ్డంగా కొడుతుంది. మేం తూర్పు గుమ్మం మూసుకుని, సందుల్లో గోనెపట్టాలు కుక్కుకుని పడుకున్నాం. తెల్లారి చూస్తే ఆ జాలీలోంచి కొట్టిన జల్లుకి గూడంతా మడుగైపోయింది. అప్పుడే పిల్లల్ని పెట్టిన తల్లి, కళ్లు తెరవని పిల్లలు, అన్నీ పోయాయి. మిగిలినవి మూల ఒకదాని మీద ఒకటెక్కి వణుకుతున్నాయి. పెద్దత్త వాటిని తన గదిలోకి తెచ్చి, ఉతికిన చీరతో తుడుస్తూ ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను.

నాన్న చెడ్డవాడు కాదు. గుమ్మంలో నిలబడి చాలా నెమ్మదిగా అన్నాడు. "ఇంక సాలప్పా. ఉన్నోటిని ఎవులికైనా ఇచ్చీ. కోసుకుంటారో పెంచుకుంటారో ఆళ్లిష్టం."

"ఆటికి ఇల్లు కట్టింది నేను. సంపింది నేను."

"తుపానులో మనుషులే పోతారు, కుందేళ్లెంత?"

"మనం పోనేదు కదరా. మనకి మూసుకోడానికి తలుపుంది."

పెద్దత్త కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది. "వచ్చే ఏడు వాయుగుండం దాకా నాకు టైమియ్యి. అప్పుడు ఒక్కటి తడిసినా, ఒక్కటి సచ్చినా, నా సేత్తో నేనే అన్నిటినీ ఇచ్చేస్తాను. నీ పెరట్లో మళ్లీ కుందేలు మాటెత్తను. కాని ఈసారి సోటు సూసేది నేనే. నువ్వూ మేస్త్రీ నోరెత్తకూడదు."

నాన్న సరేనన్నాడు. వచ్చే ఏడాదికి ఈవిడే విసిగిపోతుందని ఆయన లెక్క. నాకు మాత్రం భయం వేసింది. ఇల్లు తమ్ముడిది, పెరడు తమ్ముడిది. హాస్టల్ వదిలాక ఆవిడకంటూ ఉన్నవి ఓ మంచం, ఓ పెట్టె, ఆ కుందేళ్లు. అవి కూడా పోతే ఈ మనిషి పొద్దున్నే లేచి దేనికోసం బయటికి వస్తుంది అనుకున్నాను.

ఆ తర్వాత మా వీధి చూసిన వింత చెప్తాను. పెద్దత్త హాస్టల్ నుంచి తెచ్చుకున్న స్టూలు పట్టుకుని పెరట్లో ఒక్కో మూలకి మకాం మార్చడం మొదలుపెట్టింది. పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట, పొద్దుగూకేటప్పుడు ఇంకోచోట. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా కూర్చునేది. పక్కన గొడుగు ఉండేది, తెరిచేది కాదు. పక్కింటావిడ గోడ మీంచి చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏటి వార్డెనమ్మగారూ, గొడుగెట్టుకుని ముడిసేసేరేటి?"

"కుందేలుకి గొడుగుంటాదేటమ్మా?"

కొబ్బరిచెట్టు కింద కూర్చుంటే ఎండు మట్ట ఒకటి ధనేల్మని పక్కన పడింది. ఆ చోటు కొట్టేసింది. పడమటి గోడ పక్కన చల్లగా ఉందని మురిసింది గానీ, సాయంత్రానికి గోడ పెనంలా కాలి వీపు మాడ్చింది. నూతి గట్టు దగ్గర చెమ్మ. వంటింటి పక్కన పొగ. సపోటా చెట్టు కింద మాత్రం ఏ వేళ కూర్చున్నా నీడ చెదరలేదు. వానలు పట్టాక గొడుగేసుకుని అదే చెట్టు కింద నాలుగు దిక్కులకీ తిరిగి కూర్చునేది. లోపలికొచ్చాక ఏ మోకాలు తడిసిందో చూసుకునేది. ఇదంతా చూసి మా అమ్మ భయపడి నూనె రాసి తలంటింది. పెద్దత్త హాయిగా తలంటించుకుని మళ్లీ వెళ్లి కూర్చుంది.

నాన్న అటుగా వెళ్లినప్పుడల్లా స్టూలు మీంచి లేచి, "ఓపాలి నువ్వు కూకుని సూడరా" అనేది. నాన్న "నాకు పనుంది" అనేవాడు.

చివరికి తేల్చింది. తూర్పు నుంచి తుపాను జల్లు కొడుతుంది. పడమటి నుంచి ఎండ కొడుతుంది. ఉత్తరం తెరిస్తే వాయుగుండంలో అక్కడా జల్లే. వేసవిలో ప్రాణం లేచొచ్చే గాలి మాకు దక్షిణం నుంచి వస్తుంది. కాబట్టి వెనకా పక్కలా చెక్క మూసేసి, దక్షిణం వైపు జాలీ, ఆ వైపు చూరు బాగా ముందుకి దించాలి.

నాన్న ఇచ్చిన మాట మరిచిపోయి గట్టిగా అరిచాడు. "దక్షిణం గుమ్మమా! మతుండే మాటాడతన్నావేటి? అది సావు దిక్కు. యముడి దిక్కు."

"యముడు మన పుస్తకంలో ఎక్కడున్నాడ్రా? ఆదివారం గుడికెల్తావు, మిగతా రోజులన్నీ ఎందుకైనా మంచిదంటావు."

"ఇంటికి అరిష్టం అప్పా."

"పోయినేడు సావు ఎట్నించొచ్చింది? తూర్పునించి కాదేటి? నువ్వూ సూసేవు కదా."

నాన్న విసురుగా లోపలికి వెళ్లిపోయాడు. పక్కింటావిడ మాత్రం, "మా పెద్దోలు ఊరికే సెప్పనేదు వార్డెనమ్మగారూ" అంది బాధగా. ఆవిడది నిజమైన భయం. పెద్దత్త ఆవిడతో వాదించలేదు. "మనుషుల ఇంటికి సెప్పేరమ్మా. కుందేళ్ల గురించి ఆళ్లనెవులూ అడగనేదు" అంది.

కానీ మేస్త్రి మొరాయించాడు. "మీరేటి సెప్పినా సేస్తానండి. దక్షిణం గుమ్మం మాత్రం నా సేత్తో ఎట్టలేను. పిల్లలు గలోడ్ని" అని దణ్ణం పెట్టేశాడు. పెద్దత్త అతన్ని బలవంతపెట్టలేదు. "నీ సేత్తో వొద్దులే. తూర్పుకే నిలబెట్టు" అంది. అతను సంతోషంగా కట్టాడు. తూర్పు ముఖంగా నిలబెట్టి, టీ తాగి, పనిముట్లు సర్దుకుని వెళ్లాడు. గేటు చప్పుడు వినబడగానే పెద్దత్త కొంగు నడుముకి చుట్టింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను.

"ఆ కొస పట్టు" అంది నాతో.

ఇద్దరం కలిసి ఆ ఇంటిని ఈడ్చి ఈడ్చి దక్షిణానికి తిప్పాం. నా గోరు చితికింది. ఆవిడ తాళాల గుత్తి జారి మట్టిలో పడింది. దాని కాళ్లు నేల మీద చెక్కిన గీతలు పెద్ద వాన పడేదాకా చెరగలేదు. సాయంత్రం నాన్న వచ్చి ఆ గీతలు చూశాడు, మా ఇద్దర్నీ చూశాడు, వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. మర్నాడు మేస్త్రి వచ్చి, "నేను తూర్పుకే ఎట్టేనండి. అందరూ సూసేరు" అని వీధి వీధంతా వినబడేలా చెప్పి వెళ్లాడు.

ఆ ఇల్లు ఎలా ఉంటుందో కుందేళ్లు పెంచుకోవాలనుకునేవాళ్ల కోసం చెప్తాను. నడుమెత్తు కాళ్లు. చీమలెక్కకుండా ఆ కాళ్ల కింద నీళ్లు పోసిన పాలడబ్బాలు. కింద వెదురు బద్దలు, పెంటికలు జారిపోయేంత సందు, కాలు ఇరుక్కోనంత బిగువు. అరికాళ్లకి విశ్రాంతిగా ఓ మూల నున్నని చెక్క. ఎండుగడ్డి పరిచిన చీకటి గది ఒకటి, వెలుతురు గది ఒకటి. కోళ్లకి వాడే పల్చని వలని కుక్క పళ్లతో చీల్చేస్తుంది, అందుకని మందం జాలీ. తలుపుకి రెండు గడియలు. లోపల కుందేలు వెనక్కాళ్ల మీద లేచి నిలబడితే చెవులు పైకప్పుకి తగలకూడదు. ఈ చివరిదాని కోసం మేస్త్రి చేత ఓసారి పైకప్పంతా ఊడదీయించింది. చల్లబడ్డాక రోజూ పెరట్లో వదిలి, కర్ర పట్టుకుని కాపలా కాసేది. ఎంత మంచి గదైనా రోజంతా గదిలోనే ఉండకూడదని ఆవిడ హాస్టల్ రూలు.

వాయుగుండం రానే వచ్చింది. రేడియోలో చెప్పినప్పటి నుంచీ పెద్దత్త అన్నం సరిగా తినలేదు. గాలి మొదలయ్యాక అమ్మ ఆవిడ్ని బయటికి వెళ్లనివ్వలేదు. తెల్లారుతూనే తలుపు తీసి చూస్తే ఆవిడకంటే ముందే నాన్న సపోటా చెట్టు కింద ఉన్నాడు. గొడుగు గాలికి తిరగబడిపోయి ఉంది. ఆయన చెయ్యి గూట్లో చీకటి గదిలో ఉంది. గడ్డి పిడికెడు తీసి నలిపి చూశాడు. మళ్లీ పెట్టాడు. ఇంకో మూల నుంచి తీసి నలిపాడు.

"ఒక్క బొట్టూ పడనేదు" అన్నాడు. అదీ నాతో అన్నాడు, ఆవిడతో కాదు.

అన్నీ బతికి ఉన్నాయి. పొడిగా ఉన్నాయి. పైగా ఆకలితో ఉన్నాయి. పెద్దత్త వానలో తడుస్తూనే చిలగడదుంప తీగలు అందించింది. స్టూలు తెచ్చి గూడు ముందు, చూరు కింద వేసి, "ఓపాలి కూకుని సూడరా తమ్ముడూ. సుక్క కూడా మీద పడదు" అంది. నాన్న "నాకు పనుంది" అని వెళ్లిపోయాడు. ఆ వానలో ఆయనకి ఏం పనుందో నాకు ఈరోజుకీ తెలీదు. కానీ ఇచ్చేయమని మళ్లీ అనలేదు.

తర్వాత ఏళ్లలో పెద్దత్త దగ్గరికి కుందేళ్ల కోసం మనుషులు రావడం మొదలైంది. ఎవరికీ ఊరికే ఇచ్చేది కాదు. "ముందు మీ పెరడు సూపించండి" అనేది. కృష్ణదేవిపేట నుంచి ఓ రైతు అడిగితే షేర్ ఆటోలో స్టూలు ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. ఆటోలో వాళ్లు జరగండి జరగండి అంటుంటే, "ఇది కూడా టిక్కెట్టేనర్రా" అందట. అక్కడ ఊరంతా చూస్తుండగా ఆ పెరట్లో పొద్దుగూకేదాకా కూర్చుని, చోటు చూపించి, మర్నాడు జంటని ఇచ్చింది. పాస్టరుగారి పిల్లలు ముచ్చటపడితే, పెద్దత్త వెళ్లి చూసి, డాబా మీద ఎండలో పెట్టే పంజరానికి ఇవ్వనని మొహమ్మీదే చెప్పింది. ఆయన నొచ్చుకున్నారు గానీ, ఆ వారమే పంజరాన్ని మెట్ల కింద నీడకి దింపించి మళ్లీ కబురు పెట్టారు. పాయకరావుపేట హైవే మీద హోటలు పెట్టిన ఒకాయన మాంసానికి అడిగితే, "ఇంకోపాలి ఆ మాటన్నావంటే నిన్నా గూట్లో ఎట్టి గడియ ఏసేస్తాను" అంది. ఆయన నిజంగానే గడియ వైపు చూసి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, నాన్న ఉద్యోగంలో చిక్కొచ్చినా, నా పెళ్లి ఓ ఏడాది ఆలస్యమైనా, చుట్టాలు ఆ గూడు వైపే చూసేవారు. పెద్దత్తకి అది తెలుసు. ఓసారి నేను ఉడుక్కుంటే నవ్వింది. "ఆళ్లకి భయమేసినప్పుడు సూడ్డానికి ఓ దిక్కుండాల కదే. సూడనీ" అంది. నాకు ఆవిడంత పెద్ద మనసు లేదు. నేను చూడనివ్వను.

సమాధుల తోటలో మావాళ్లందరినీ తూర్పుకి చూసేలాగే పడుకోబెడతారు. అక్కడ మాత్రం పెద్దత్త మాట చెల్లలేదు. మట్టి వేస్తున్నప్పుడు ఆ సంగతే గుర్తొచ్చి, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను. ఎవరో నన్ను పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు.

జ్ఞాపకార్థ కూడిక మా ఇంట్లోనే పెట్టాం. ప్రార్థనయింది, భోజనాలయ్యాయి. ఎండ నడినెత్తికొచ్చింది. చుట్టాలు పెరటి వరండాలో చేరారు. మొదటి రోజు ఆ మాట అన్న పెద్దమనిషి చెయ్యి తుడుచుకుంటూ నాన్నతో అన్నాడు. "ఇప్పటికైనా ఆ గూడు తూర్పుకి తిప్పీండి బాబూ. ఆవిడెలాగూ పోయింది. ఇంట్లో ఇంకా పెద్దోలున్నారు. ఎందుకైనా మంచిది."

నాన్న తన మాట తనకే వినబడినట్టు తలెత్తి చూశాడు. నెమ్మదిగా లేచాడు, పంచె పైకి మడిచి కట్టాడు. నన్ను పిలిచాడు.

"ఆ కొస పట్టు."

నాకు ఒళ్లంతా మండింది. "పట్టను నాన్నా" అన్నాను అందరిముందూ. "నేను బతికుండగా దాన్ని తిప్పనివ్వను. నువ్వే కాదు, ఎవరు చెప్పినా సరే."

"గూడు కాదే" అన్నాడు నాన్న. "మంచం."

పెద్దత్త గదిలోకి వెళ్లాం. ఆవిడ నవారు మంచం చెరో కొసా పట్టుకుని బయటికి తెచ్చాం. పోయినవాళ్ల మంచం మా వైపు ఎవరికైనా ఇచ్చేస్తారు, అందుకే తెచ్చామనుకుని జనం దారిచ్చారు. నాన్న గేటు వైపు వెళ్లలేదు. సపోటా చెట్టు కిందికి వెళ్లి, కుందేళ్ల ఇంటికి దక్షిణం వైపు, సరిగ్గా గుమ్మం ఎదురుగా మంచం దింపించాడు. దింపి, కూర్చున్నాడు.

వరండాలో ఆడవాళ్లు విసనకర్రలు విసురుకుంటున్నారు. చెట్టు కింద నాన్న భుజం మీది తువ్వాలు అంచు దానంతటదే కదులుతోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కళ్లు తెరిచి, చేత్తో మొహం గట్టిగా తుడుచుకుని, వరండాలో ఆ పెద్దమనిషి వైపు తిరిగాడు.

"ఇలా రండి" అన్నాడు. "ఓపాలి కూకుని సూడండి."

మంచం మీద కొద్దిగా పక్కకి జరిగి చోటిచ్చాడు. వెనక జాలీలో తెల్ల కుందేలు ఒకటి వెనక్కాళ్ల మీద లేచి నిలబడి, ఆ ఖాళీ చోటు వైపు చూస్తోంది. దాని చెవులు పైకప్పుకి తగలడం లేదు.